కొట్టు నడిపిన అమ్మ గురించి సంస్మరణ రాయాలంటే: ఏం సేకరించాలి, ఎలా సరిచూడాలి

మూడోఅర
చిన్న ఊళ్ళో ఏళ్ళ తరబడి కొట్టు నడుపుతూ పిల్లల్ని పెంచిన మనిషి పోయాక, ఆమె గురించి రాసే పని ఇంట్లో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. రాత్రికి రాత్రి కూర్చుని రాసేది దాదాపు ఎప్పుడూ ఒకటే: కష్టజీవి, మమతామూర్తి, నలుగురికీ తలలో నాలుక. పేరు మార్చేస్తే ఇంకొకరికీ అచ్చంగా సరిపోతుంది.

ఆమె ఎలాంటిదో చెప్పాలని ఆరాటపడకుండా కొట్టు ఎలా నడిపిందో రాస్తే చాలు, మనిషి దానంతట అదే కనబడుతుంది. తలుపు ఎన్నింటికి తీసేది? తాళంచెవి ఎక్కడ తగిలించేది? గల్లా పెట్టెలో నోట్లు ఏ వరసలో పెట్టేది? ఏ సరుకు చేతికందే ఎత్తులో, ఏది పై అరలో? ఎంత అడిగినా తెప్పించని సరుకేమిటి? అరువు ఎవరికిచ్చేది, ఎవరికి ఇవ్వననేది, ఆ ఇవ్వననడం ఏ మాటల్లో చెప్పేది? ఆ చివరి ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం పని అయినట్టే.

కాగితాలు, ఫోటోలు, మనుషుల్ని అడగడం, చదివి వినిపించడం, వీటిలో పని తెలిసినవాళ్ళు ఈ చర్చావేదికలో చాలామంది ఉన్నారు. ఒకచోట చేరిస్తే అవసరం పడ్డవాళ్ళకు పనికొస్తుంది. సానుభూతి మాటలు వేరే చర్చలో పెట్టుకుందాం. ఇక్కడ పని గురించే.

గోడగడియారం
అన్నిటికన్నా ముందు ఒక మాట. కొట్టు ఇంకా ఖాళీ చేయకపోతే ఏదీ కదపకండి. అద్దె గడువని, సరుకు పాడవుతుందని వారంలోనే అరలు దులిపేస్తారు. ఆ తర్వాత ఏది ఎక్కడుండేదో ఇద్దరు చెప్పింది కలవదు.

గుమ్మం దగ్గర మొదలుపెట్టి కుడి చేతి వైపుగా తిరుగుతూ, ఫోను ఒకే ఎత్తులో పట్టుకుని, ఒక్కో ఫోటోలో ముందుదాని మూడో వంతు మళ్ళీ పడేలా తీసుకుంటూ వెళ్ళండి. తర్వాత బల్ల వెనక ఆమె కూర్చునే చోటు నుంచి, కూర్చున్న ఎత్తులోనే బయటికి ఒక ఫోటో. రోజంతా ఆమె చూసిన దృశ్యం అదీ. బల్ల కింద అర, సొరుగు అడుగు, గోడ మీద పెన్సిలుతో రాసిన ఫోన్ నంబర్లు, కిటికీ చట్రంలో గుచ్చిన చీటీలు విడిగా తీయండి. టేపుతో బల్ల ఎత్తు, స్టూలు ఎత్తు, బల్లకూ వెనక అరకూ మధ్య దూరం కొలవండి. లేవకుండానే ఆమె చేతికి ఏవేవి అందేవో ఆ మూడు అంకెలు చెబుతాయి.

పాత త్రాసు, గల్లా పెట్టె, బోర్డు వంటివి తోమి మెరుగు పెట్టకండి. చెయ్యి ఆనీ ఆనీ అరిగిన చోటే కావాల్సింది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాకే పంచుకోవడాలు.

చిట్టాఆవర్జా
ఇక పుస్తకాలు. సాధారణంగా దొరికేవి రోజు చిట్టా, పేర్ల వారీ ఖాతాలుండే ఆవర్జా, అరువులు రాసుకునే నోటుబుక్కు (అరువు నోటు), హోల్‌సేల్ వాళ్ళ బిల్లులు. వీటితో పాటు అద్దె రసీదులు, లైసెన్సు కాగితాలు, కరెంటు బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం. మొత్తం చదవాలని కూర్చుంటే నెలలు పడుతుంది. మొదటి ఏడాదిలో ఒక వారం, నడుమ ఒక వారం, చివరి ఏడాదిలో ఒక వారం తీసుకోండి. మూడూ ఒకే నెలలోవి అయితేనే పోల్చడానికి వీలు. రద్దీ కాలాన్నీ మందకొడి కాలాన్నీ పక్కపక్కన పెడితే తప్పుడు బొమ్మ వస్తుంది.

అమ్మనూ కొట్టునూ కలిపి చూపించేవి ఖాళీలు. పిల్లలు పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని చిట్టాలో ఆ వారాలు తెరవండి. పద్దులు ఆగిపోయి ఉండొచ్చు, చేతిరాత మారి ఉండొచ్చు, ఏ మార్పూ లేకపోవచ్చు. ఏ మార్పూ లేదు కదా అని "కాన్పు ముందురోజు దాకా కొట్లోనే ఉంది" అని రాసేయకండి. చిట్టా వారానికొకసారి ఎక్కించే అలవాటు చాలామందికి ఉంటుంది. ఏడు రోజుల పద్దులు ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటే అవి తర్వాత ఒక్కసారే ఎక్కించినవని అనుమానించాలి. నిజంగా ఏ రోజుకారోజు రాసిన పేజీ గజిబిజిగా ఉంటుంది, మధ్యలో ఇరికించిన అంకెలుంటాయి, కూడిక పక్కన మళ్ళీ కూడిక ఉంటుంది.

అలాగే పద్దులు ఆగాయంటే కొట్టు మూశారనీ కాదు. అవే తేదీల్లో హోల్‌సేల్ బిల్లులు వస్తూనే ఉన్నాయేమో చూడండి. వస్తుంటే కొట్టు తెరిచే ఉంది, రాసే మనిషి మాత్రమే లేదు. బిల్లు మీద సరుకు అందినట్టు ఎవరు సంతకం పెట్టారో చూస్తే ఆ రోజుల్లో బల్ల దగ్గర ఎవరున్నారో కూడా తెలుస్తుంది.

ఇంకో చిక్కు. పుస్తకం అట్ట మీద 1986-87 అని ఉంటే అది లెక్కల సంవత్సరం. ఏ నెలలో మొదలవుతుందో మొదటి పద్దు చూసి ఖాయం చేసుకోవాలి. ఇది పట్టించుకోకపోతే ప్రతి సంఘటనా ఒక ఏడాది అటో ఇటో జరుగుతుంది.

సన్నజాజి
లైసెన్సు భర్త పేరు మీద ఉండి, కొట్టు మొత్తం ఆమే నడిపి ఉంటే ఎలా రాయాలండీ? "భర్తకు చేదోడువాదోడుగా" అని రాస్తే అబద్ధమవుతుంది, ఆమెదే కొట్టు అని రాస్తే కాగితం ఒప్పుకోదు.

చిట్టాఆవర్జా
@సన్నజాజి గారు, రెండూ రాయండి. "లైసెన్సు భర్త పేరున ఉండేది. సరుకు ఎంచడం, ధర కట్టడం, పద్దులు రాయడం ఆమె పని." దీనికి రుజువులు సులువుగానే దొరుకుతాయి: చిట్టాలో చేతిరాత ఎవరిది, బిల్లు మీద హోల్‌సేల్ వాళ్ళు ఎవరి పేరు రాశారు, బాకీ తీర్చమని వచ్చిన ఉత్తరాలు ఎవరిని ఉద్దేశించి ఉన్నాయి, చెక్కుల మీద ఎవరి సంతకం. "చేదోడు" అన్న మాట నిజంగా సాయం చేసినవాళ్ళకే ఉంచుదాం.

కాగితంపురుగు
ఆ పుస్తకాల్ని చదవబోయి చింపేవాళ్ళే ఎక్కువ, అందుకని కొన్ని జాగ్రత్తలు.

లామినేషన్ వద్దు. సెల్లోటేపు వద్దు, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, తర్వాత తీయడం నిపుణుల వల్ల కూడా పూర్తిగా కాదు. తుప్పు పట్టిన పిన్నులు లాగకండి. పిన్నుకీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క జొనిపి, వెనక వైపు వంకరలు నెమ్మదిగా విప్పి, తర్వాత ముందు నుంచి ఎత్తాలి. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయి ఉంటే దాన్ని కత్తిరించి, అంటుకున్న ముక్కను అలాగే వదిలేయండి.

అన్నిటికన్నా తొందర పడాల్సింది మిషను బిల్లులకు. వేడికి నల్లబడే పూత ఉన్న కాగితం అది, సిరా ఉండదు. వేడి, వెలుతురు, పీవీసీ కవరు, కొన్ని జిగుర్లు తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. ముందు వాటినే ఫోటో తీయండి. పాతవి కదా అని 1970ల నాటి చిట్టాతో మొదలుపెడతారు. కానీ మామూలు బాల్‌పెన్ను రాత చీకట్లో పొడిగా ఉంటే ఇంకా చాలాకాలం ఆగుతుంది, నిన్నటి మిషను బిల్లు ఆగదు.

బూజు వాసన వస్తే ఎండలో పెట్టకండి. నీడలో, గాలి ఆడే చోట, పేజీలు విసనకర్రలా కొద్దిగా విప్పి నిలబెట్టండి. పూర్తిగా ఆరాకే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని మెత్తటి కుంచెతో దులపాలి. తడి మీద దులిపితే బూజు పేజీ అంతా పూసినట్టవుతుంది.

స్కానింగుకు కాగితాలైతే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, చిన్న ఫోటోలకు 600. కుట్టు పుస్తకాన్ని స్కానరు మీద బోర్లా నొక్కితే వీపు విరుగుతుంది. పైనుంచి ఫోనుతో తీయండి, రెండు పక్కలా దీపాలు ఏటవాలుగా పెట్టి, ఫ్లాష్ ఆపి. అట్టలు, ఖాళీ పేజీలు కూడా తీయాలి. పేజీల మధ్య దొరికిన చీటీని ముందు దొరికిన చోటే ఉంచి ఒకటి, బయటికి తీసి ఒకటి. ఏ పేజీలో ఉందన్నదాన్ని బట్టే అదెప్పటిదో తెలుస్తుంది.

సన్నజాజి
ఇన్ని పనులుంటే ముందు కాగితాలా, ముందు మనుషులా?

టేపురికార్డరు
మనుషులే. వాళ్ళలో పెద్దవాళ్ళు ముందు. మిషను బిల్లులకు ఒక గంట కేటాయించి ఫోను తీసుకుని బయల్దేరండి.

పిల్లల్ని మాత్రమే అడిగితే అమ్మ దొరుకుతుంది, కొట్టు దొరకదు. సరుకు దింపిన మనిషి, పక్క కొట్టు యజమాని, జీతానికి పనిచేసిన కుర్రాడు (ఇప్పుడు పెద్దాయనై ఉంటాడు), అరువు మీద కొన్నవాళ్ళు, వీలైతే ఎదురు కొట్టువాళ్ళు. పోటీదారుడు చెప్పే మాటలకు ఒక విలువ ఉంది: మెచ్చుకోవాల్సిన అవసరం లేకుండా మెచ్చుకుంటే అది నమ్మదగ్గ మాట.

"ఆవిడ ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచిది" అని వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. "కొట్లోకి అడుగు పెడితే ఎడమ పక్కన ఏముండేది?" అని అడగండి. కాగితం, పెన్ను ఇచ్చి కొట్టు పటం గీయమనండి. గీస్తూ మాట్లాడతారు, చెయ్యి ఆగిన చోట ఏదో గుర్తొస్తుంది. జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టండి. అసలు మాట తరచూ ఆ ఐదులోనే వస్తుంది. ఫోటోలు మొదటే చూపించకండి. చూపిస్తే ఫోటోలో ఉన్నదే జ్ఞాపకంగా చెబుతారు. ముందు చెప్పనిచ్చి, రెండో విడతలో చూపించండి.

నడివయసు దాటిన వాళ్ళకు తమ పదో ఏటి నుంచి ముప్పయ్యో ఏటి దాకా జరిగినవి మిగతావాటి కన్నా ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద జరిగిన అధ్యయనాలు చాలాసార్లు చూపించాయి. అందుకే కొట్టు నడిచిన ఒక్కో దశకానికి, అప్పుడు ఆ వయసులో ఉన్న ఒక్కరినైనా వెతకండి.

రికార్డింగు సంగతి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు రెండు జానల దూరంలో, మడిచిన గుడ్డ మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే వేలు తాటించినా బాంబులా వినిపిస్తుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. ఆపిన ఫ్రిజ్ మళ్ళీ వేయడం మరిచిపోకుండా మీ తాళంచెవులు అందులో పెట్టుకోండి. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అయితే గంటకు సుమారు 345 ఎంబీ అవుతుంది, ముందే ఖాళీ చూసుకోవాలి. మొదట తేదీ, చోటు, ఇద్దరి పేర్లు, రికార్డు చేయడానికి ఒప్పుకున్నట్టు ఒక మాట పలికించండి. గంట దాటనివ్వకండి, పెద్దవాళ్ళు అలిసిపోయి "అవును అవును" అనడం మొదలెడతారు. గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అంత తీరిక లేకపోతే నిమిషాల వారీగా విషయ సూచిక రాసుకుని, కావాల్సిన ముక్కలే పూర్తిగా రాయండి.

మూడోఅర
అందర్నీ ఒకేసారి కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు అందుకుని ఇంకా ఎక్కువ రాదా?

టేపురికార్డరు
వస్తుంది, కానీ గట్టిగా మాట్లాడేవాళ్ళ కథే అందరి కథ అవుతుంది. ఒకసారి అలా కలిసిపోయాక ఎవరికి ఏది నిజంగా గుర్తుందో విడదీయలేం. విడివిడిగా అయ్యాక, చివర్లో ఒక్కసారి అందర్నీ కూర్చోబెట్టండి. అప్పుడు తేడాలు మీ చేతిలో ముందే ఉంటాయి.

పల్లెరుకాయ
తేడాలంటే గుర్తొచ్చింది. కొట్టు తెరిచింది ఎప్పుడని అడిగితే ముగ్గురు పిల్లలు మూడు సంవత్సరాలు చెప్పడం మామూలే. ఎవరి మాట తీసుకోవాలి?

చిట్టాఆవర్జా
ముగ్గురిదీ నిజం కావచ్చు. ఇంటి ముందు గదిలో అమ్మకం మొదలైన ఏడాది ఒకటి, లైసెన్సు వచ్చిన ఏడాది ఒకటి, బోర్డు పెట్టి వేరే గదికి మారిన ఏడాది ఒకటి. పెద్ద బిడ్డకు మొదటిది గుర్తుంటుంది, చిన్నబిడ్డకు కొట్టంటే బోర్డున్న కొట్టే. "ఎప్పుడు తెరిచారు" అని కాకుండా "మొదటి అమ్మకం ఎక్కడ నుంచి" అని అడిగితే గొడవ సద్దుమణుగుతుంది.

అయినా తేలకపోతే, సంవత్సరం అడక్కుండా గుర్తులకు కట్టండి: అప్పుడు ఏ క్లాసులో ఉన్నారు, ఫలానా వారి పెళ్ళికి ముందా తర్వాతా, కరెంటు వచ్చాకా. మనుషులు దూరపు సంఘటనల్ని దగ్గరికి లాక్కుని చెప్పడం సాధారణం, పాతికేళ్ళ కిందటిది ఇరవై అంటారు. గుర్తుకు కడితే ఆ జారుడు తగ్గుతుంది. ఆ రోజే రాసిన కాగితం, ఆ తర్వాత రాసిన కాగితం, సూటిగా చూసినవాళ్ళ మాట, విన్నవాళ్ళ మాట, ఈ వరసలో నమ్మండి. పుట్టిన తేదీ జనవరి 1 అని గుర్తింపు కాగితంలో ఉంటే మాత్రం కాగితమని గుడ్డిగా నమ్మొద్దు. తేదీ తెలియనప్పుడు నింపిన అంకె కావచ్చు.

రచనలో "1984 ప్రాంతంలో" అనండి. ఫైళ్ళ పట్టికలో మాత్రం 1984~ అని రాస్తే సుమారుగా, 1984? అని రాస్తే అనుమానం, 198X అని రాస్తే ఆ దశకంలో ఎప్పుడో అని అర్థం. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ పద్ధతే ఇది, ఇంట్లో ఇంకెవరు చూసినా తికమక ఉండదు.

వెలుగునీడ
ఫోటోలతో సంవత్సరం పట్టడానికి కొన్ని కిటుకులు.

రెండు వైపులా స్కాన్ చేయండి. వెనక స్టూడియో ముద్ర, కాగితం కంపెనీ ముద్ర, పెన్సిలు రాత ఉంటాయి. మీరు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, గట్టి బల్ల మీద పెట్టి, అంచున మాత్రమే. బాల్‌పెన్ను ఒత్తిడి ముందు వైపుకు తేలుతుంది.

కొట్టు లోపలి ఫోటోలో గోడ క్యాలెండరు ఉంటే అదృష్టమే. ఏడాది కనబడకపోయినా నెల, ఒకటో తేదీ ఏ వారమో కనబడితే చాలు. ఒకే నెల అదే వారంతో మళ్ళీ 5, 6 లేక 11 ఏళ్ళకు వస్తుంది. అంటే ఒక దశకంలో ఒకటి రెండు సంవత్సరాలే మిగులుతాయి, ఫోటోలో పిల్లల వయసు చూస్తే మిగతాది తేలుతుంది. వెనక అరలో ప్యాకెట్ల మీద బార్‌కోడు ఉందేమో చూడండి. ఇప్పుడు వస్తువుల మీద కనబడే బార్‌కోడును మొదటిసారి అమ్మకంలో స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో. అది కనబడితే ఫోటో అంతకు ముందుది కాదు. కనబడకపోతే మాత్రం ఏమీ తేలదు, అన్నిచోట్లా ఒకేసారి రాలేదు.

రంగు ఫోటో ఎర్రగా మారిందంటే చీకట్లో దాచినా నీలాకుపచ్చ రంగు వెలిసిపోయి, మిగతావి మిగిలాయని. స్కాన్ చేశాక సరిదిద్దిన కాపీ వేరుగా, మొదటి స్కాన్ టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గకుండా దాచే రకం) ముట్టుకోకుండా ఉంచండి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫోటోను గోటితో లేపకండి. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారాన్ని, మైనం లేనిదాన్ని, ఫోటో వెనక రంపంలా నెమ్మదిగా ఆడించండి. కదలకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయడమే మేలు. బోర్డు మీద అక్షరాలు తలకిందులుగా కాక అద్దంలో చూసినట్టు కనబడితే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట. అలాంటి ఫోటో చూసి కొట్టు పటం గీస్తే కుడి ఎడమలు మారిపోతాయి.

ఇంకొకటి. ఇలాంటివాళ్ళ ఫోటోల్లో ఆమె ఎప్పుడూ ఒక మూల సగమే ఉంటుంది, లేదా బల్ల వెనక తల మాత్రమే. నిలువుగా కత్తిరించి పెద్దది చేసి దండ వేయడానికి వాడేస్తారు. కత్తిరించని ఫోటోనే పుస్తకంలో వేయండి. పక్కనున్న అరలే కదా ఆమె ముప్పై ఏళ్ళు సర్దింది.

పల్లెరుకాయ
అరువు నోటులో ఇంకా బాకీలుంటే? ఊళ్ళోవాళ్ళ పేర్లతో సహా ఉంటాయి.

కత్తెర
పేర్లు బయటపెట్టకూడదు, పేజీ ఫోటో వేసినా పేర్ల మీద నల్లపట్టీ వేయాలి. స్క్రీన్ మీద కనబడకుండా చేస్తే చాలదు. కొన్ని యాప్‌లలో పట్టీ కింద అక్షరాలు అలాగే ఉండి, తీస్తే కనబడతాయి. పట్టీ వేశాక కొత్త జేపెగ్ ఫోటోగా సేవ్ చేయండి. "ఆమె పోతూ బాకీలన్నీ మాఫీ చేసింది" అనే వాక్యం వారసులందరూ కూర్చుని ఒప్పుకుంటే తప్ప రాయొద్దు, వినడానికి ఎంత బావున్నా.

పత్రికలో ఇచ్చే ప్రకటనలో పూర్తి పుట్టిన తేదీ, ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఇంటి చిరునామా, అందరూ ఇల్లు విడిచి వెళ్ళే సమయం ఒకేచోట పెట్టకండి. మొదటి రెండూ బ్యాంకులడిగే భద్రతా ప్రశ్నలకు జవాబులు, చివరి రెండూ దొంగకు కావాల్సినవి. సంవత్సరాలు చాలు.

మూడోఅర
గొడవలు, నష్టాలు, మొండితనం కూడా రాయాలా? పోయినవాళ్ళ గురించి ఎందుకని నాకనిపిస్తుంది.

కత్తెర
ఒక్క వాక్యమైనా ఉండాలి. లేకపోతే మిగతాదీ నమ్మబుద్ధి కాదు. "పేచీ పెట్టిన మనిషితో మళ్ళీ బేరం చేసేది కాదు, ఎన్నేళ్ళయినా" అంటే నిందా కాదు, పొగడ్తా కాదు. బతికున్నవాళ్ళను దోషిగా చూపే సంగతైతే తీసేయండి.

రాసే తీరు గురించి. పుట్టిన తేదీతో మొదలుపెట్టొద్దు, ఒక పనితో మొదలుపెట్టండి. విశేషణాల కింద గీతలు గీసి, ఒక్కోదాని బదులు ఒక పని పెట్టగలరేమో చూడండి. మచ్చుకు ఒకటి కల్పిస్తాను. "ఆమె ఎంతో దయగలది" అన్నదాన్ని కొట్టేసి: "చిల్లర తక్కువైన పిల్లలకు పెన్సిలు ఇచ్చేసి, నోటు ఆఖరి పేజీలో ఒక గీత గీసేది. ఆ గీతల పక్కన పేర్లుండవు." రెండోదానికి ఆ నోటు చూసి ఉండాలి, అందుకే పైన వాళ్ళంతా అంత మొత్తుకున్నది.

అమ్మగా ఆమెను వేరే పేరాలో పెడితే రాత చప్పబడుతుంది. "ఒక చేత్తో కొట్టు, ఒక చేత్తో ఇల్లు" లాంటి వాక్యాలు పుట్టేది అక్కడే. ఒక మామూలు రోజును గంటల వారీగా రాసుకోండి. తలుపు తీయడానికి ముందు ఏం చేసేది, పిల్లలు బడి నుంచి ఎన్నింటికి వచ్చేవారు, ఆ వేళ కొట్లో రద్దీ ఎంత, హోంవర్కు ఎక్కడ కూర్చుని చేసేవారు, జ్వరం వచ్చిన పిల్లను ఎక్కడ పడుకోబెట్టేది. తర్వాత రద్దీ రోజు ఒకటి అలాగే. ఏ వయసులో ఏ పిల్లకు ఏ పని అప్పగించిందో కూడా అడగండి: సంచులు లెక్కపెట్టడం, తూకం, చిల్లర ఇవ్వడం, చివరికి గల్లా తాళం. తాళం ఎవరికి, ఎప్పుడు ఇచ్చిందన్నది ఒక్కటే ఒక పేరాకు సరిపోతుంది.

నిడివి: పత్రిక ప్రకటనకు 150 మాటలు, సభలో చదవడానికి 450 నుంచి 500, చిన్న పుస్తకానికి 3000 దాకా. పుస్తకం ముందు రాసి దాన్ని కుదించడం సులువు. ప్రకటనను సాగదీస్తే మళ్ళీ మమతామూర్తి వచ్చేస్తుంది.

సన్నజాజి
సభలో చదివేటప్పుడు గొంతు పట్టేస్తే?

టేపురికార్డరు
పట్టేస్తుందనే అనుకుని సిద్ధపడండి. 18 పాయింట్ అక్షరం, వరసల మధ్య రెట్టింపు ఖాళీ, కాగితానికి ఒకే వైపు ముద్ర, పేజీ అంకెలు పెద్దవిగా. పిన్ను కొట్టొద్దు, తిప్పేటప్పుడు మైకులో గరగరలాడుతుంది, చదివిన పేజీ పక్కకు జరపండి. ఊపిరి ఆగే చోట వాక్యాన్ని విరిచి కింది వరసకు తీసుకెళ్ళండి. ఐదు నిమిషాలకు 450 మాటలు అన్నది అంచనానే, గడియారం పెట్టుకుని పైకి రెండుసార్లు చదవండి, మనసులో చదివితే లెక్క తప్పుతుంది. గొంతు పట్టే వాక్యం ఎక్కడుందో ఆ చదువులోనే తెలుస్తుంది. దాన్ని చివర నుంచి మధ్యకు జరిపి, వెంటనే ఒక సరదా సంగతి పెట్టండి. అదే కాగితం ఇంకొకరి చేతిలో ఉంచి ముందు వరసలో కూర్చోబెట్టండి.

గోడగడియారం
ఫోను గురించి ఎవరూ అనలేదు. ఆమె సిమ్‌ను తొందరపడి రద్దు చేయించకండి. బ్యాంకు, ఈమెయిలు, ఫోటోల ఖాతాలకు వచ్చే ఓటీపీలన్నీ దానికే. ఏ ఖాతా ఎలా ముగించాలో ఆయా సంస్థలను అడిగి, ఫోటోలు, వాయిస్ సందేశాలు దించుకున్నాకే నంబరు సంగతి. ఆమె గొంతు ఉన్న వాయిస్ సందేశాలు ఫార్వర్డ్ చేస్తూ పోతే చాలదు, ఫైలుగా కాపీ చేయాలి. మొత్తానికి మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. ఫోనుతో తీసిన పాత ఫోటోకు ఫైలులో ఈ రోజు తేదీ పడుతుంది, కాబట్టి ఫైలు పేరులోనే అసలు సంవత్సరం ముందు రాయండి.

పల్లెరుకాయ
ముద్రించాక తప్పులు చూపించేవాళ్ళే ఎక్కువ. ముందే పట్టుకోవడానికి దారుందా?

కత్తెర
వరసలకు అంకెలు వేసి, ముగ్గురికి పంపండి: ఒకరు ఇంటివాళ్ళు, ఒకరు కొట్టు తెలిసినవాళ్ళు, ఒకరు ఆమెను అసలు ఎరగనివాళ్ళు. "ఎలా ఉంది?" అని అడిగితే "బావుంది" అంటారు. "ఏ వరసలో తప్పుంది?" అని అడగండి. పేర్ల అక్షరాలు, చుట్టరికాలు, ఎవరి పేరు వదిలేశామన్నది ఇంటివాళ్ళు చూస్తారు. మూడో మనిషి ఎక్కడ అర్థం కాలేదో చెబితే చాలు. గడువు తేదీ పెట్టండి, దిద్దుబాట్లు ఒక్కరి దగ్గరే చేరాలి. ఇద్దరు దిద్దితే రెండు పుస్తకాలవుతాయి.

కాగితంపురుగు
మిగిలిన చిట్టాలు ఏం చేయాలని తర్వాత అందరూ అడుగుతారు, ఇప్పుడే చెబుతున్నా. దగ్గర్లో గ్రంథాలయమో, చరిత్ర విభాగమున్న కళాశాలో, పాత దస్తావేజులు దాచే భాండాగారమో ఉంటే ముందు ఫోనులో అడగండి, మోసుకెళ్ళి గుమ్మంలో దింపకండి. మామూలు కొట్ల లెక్కలు దాచినవాళ్ళు తక్కువ, అందుకని ఆసక్తి చూపేవాళ్ళు ఉంటారు. ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా మూడు సంగతులు ఖాయం చేసుకోండి: అరువు పేర్లున్న పుస్తకాలు ఎన్నేళ్ళ దాకా ఎవరికీ చూపించకూడదు, కుటుంబానికి స్కాన్ కాపీలు ఎవరిస్తారు, వాళ్ళకు అక్కర్లేదనుకున్నవి పారేసే ముందు మీకు చెబుతారా లేదా. చిట్టాలు, బిల్లులు, ఫోటోలు కలిపి ఒకే చోటికి ఇవ్వండి. ఫోటోలు ఒకరికి, పుస్తకాలు ఒకరికి పంచేస్తే చేతిరాత ఎవరిదో, ముఖం ఎవరిదో కలిపి చూసే వీలుండదు.

సన్నజాజి
పుస్తకాల వరస, కట్టలు కట్టిన తీరు మార్చి సర్ది ఇవ్వమంటారా?

కాగితంపురుగు
వద్దు. ఆమె ఎలా కట్టిందో అలాగే ఇవ్వండి. దారం తెగితే కొత్త నూలు టేపు కట్టి, పాత దారాన్ని ఒక కవర్లో వేసి, ఏ కట్టదో కవరు మీద పెన్సిలుతో రాయండి.